జర్మన్ సైనికుడు ‘ఇలాగేనా?’ అని ఎందుకు అరుస్తున్నాడు? వార్ గేమ్ అరుపుల వెనక అసలు సంగతి

గోడ అవతల ఒక జర్మన్ సైనికుడు. ఇవతల నేను. వాడు టపటపా కాల్చి సడెన్‌గా ఆపేశాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత గోడ వెనక నుంచి గట్టిగా ఒక అరుపు: “ఇలాగేనా?”

నేను జడుసుకుని ఇంకాస్త కిందికి వంగాను. నాలుగు సెకన్ల తర్వాత వాడు మళ్లీ కాల్చాడు, నేను పోయాను.

ఇది 2012 వేసవి సెలవుల మాట. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకి 15 రూపాయలు, పది సిస్టమ్‌లు, అందులో ఆరింటికే హెడ్‌ఫోన్స్ పనిచేసేవి. అక్కడ మేం ఆడింది ఒక రెండో ప్రపంచ యుద్ధం షూటర్. పేరు ముఖ్యం కాదు, ఆ కాలపు గేమ్స్‌లో జర్మన్లు అరిచేవి దాదాపు ఇవే. మా బ్యాచ్ మొత్తానికీ అది ‘ఇలాగేనా?’ అనే వినిపించేది. ‘ఇలాగేనా ఆడేది?’ అని వాడు మమ్మల్ని వెక్కిరిస్తున్నాడని ఫిక్స్ అయిపోయాం. ఆ గేమ్ చేసిన టీమ్‌లో కచ్చితంగా ఎవడో తెలుగోడు ఉన్నాడని కూడా తేల్చేశాం.

ఒక్కడు మాత్రం ఒప్పుకోలేదు. పక్క లేన్‌లో ఉండే మా దోస్తు, ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు. “అరె, ఆఖర్ల ఖ ఉంది రా. నాఖ్ అంటున్నడు. మీకు వినపడ్తలేదా?” అనేవాడు. మాకు ఏ ఖా వినపడలేదు. మేం నవ్వేశాం.

పన్నెండేళ్ల తర్వాత తేలిందేంటంటే, వాడే కరెక్ట్. ఆ అరుపు వెనకాల పడితే జర్మన్ భాష, సౌండ్ ఇంజినీరింగ్, బ్లూటూత్, మన మెదడు, చివరికి నా సొంత చెవి దాకా వెళ్లాల్సి వచ్చింది. ఒక్కొక్కటీ చెప్తా.

ఇంతకీ వాడు అన్నది ఏంటి?

పోయినేడాది ఇల్లు సర్దుతుంటే ఆ గేమ్ సీడీ దొరికింది. ఇన్‌స్టాల్ చేసి ఫోల్డర్ తెరిచి చూశా. క్వేక్ 3 ఇంజిన్ మీద కట్టిన గేమ్స్ ఫోల్డర్లో .పీకే3 అనే ఫైళ్లు ఉంటాయి. పేరు వేరే గానీ అవి మామూలు జిప్ ఫైళ్లే. ఎక్స్‌టెన్షన్ మార్చి తెరిస్తే బొమ్మలు, సౌండ్లు అన్నీ లోపల వరసగా కనిపిస్తాయి. ఇది కూడా అలాంటిదే. జర్మన్ గొంతుల ఫోల్డర్లో ఒక్కో ఫైల్ వింటూ పోతే మన ‘ఇలాగేనా’ దొరికింది. ఆ ఫైల్ పేరులో ఉన్న మాట: రీలోడ్.

జర్మన్‌లో అది ‘ఇహ్ లాడె నాఖ్’. అర్థం: ‘నేను మళ్లీ తూటాలు నింపుకుంటున్నా’.

చూశారా? వాడు మమ్మల్ని వెక్కిరించట్లేదు. తుపాకీ ఖాళీ అయింది, కాసేపు కవర్ ఇవ్వండని వాళ్లవాళ్లకి చెప్పుకుంటున్నాడు. అంటే మేం లేచి ఎదురెళ్లాల్సిన టైమ్ సరిగ్గా అదే. మేమేమో ఆ అరుపు వినగానే ప్రతిసారీ దాక్కున్నాం. ఒక సెలవుల సీజన్ మొత్తం, గంటకి 15 రూపాయలు కట్టి మరీ.

మిగతా అరుపులు కూడా చూద్దాం

అదొక్కటే కాదు. ఫోల్డర్ మొత్తం వింటే మా చిన్నప్పటి డిక్షనరీ అంతా తలకిందులైంది.

‘గ్రనాటె!’ మాకు ‘రా, నాతో!’ అని వినిపించేది. అర్థం గ్రెనేడ్. మనం విసిరింది వాళ్ల మధ్యలో పడితే, పారిపోండని పక్కవాళ్లకి చేసే హెచ్చరిక. రమ్మంటున్నాడు కదా అని పరిగెత్తుకెళ్లి మా గ్రెనేడ్‌కి మేమే పోయిన సందర్భాలున్నాయి.

‘ఫోయా!’ రాసేటప్పుడు చివర ‘ఎర్’ ఉంటుంది కానీ పలికేటప్పుడు అది దాదాపు ‘ఆ’ అయిపోతుంది. అర్థం ‘కాల్చండి’. మాకు వినిపించింది ‘పోయా!’. ఒకడు పోయాడు అనుకుని సంబరపడేలోపు నాలుగు వైపుల నుంచీ తూటాలు.

‘త్సురూక్!’ అంటే వెనక్కి. మాకు అది ‘చురుక్కు’. తూటా తగిలి చురుక్కుమందని అరుస్తున్నాడు అనుకునేవాళ్లం. నిజానికి వాళ్లు వెనక్కి తగ్గుతున్నారు.

‘డెకుంగ్!’ అంటే దాక్కోండి. మా ఉర్దూ దోస్తుకి కూడా ఇది దొరకలేదు. వాడికి ‘దేఖూఁ?’, అంటే ‘చూడనా?’ అని వినిపించేది.

ఇక మా బాబాయ్ తరం వాళ్లకి ఇంకో క్లాసిక్ ఉంది. 1992లో ఐడీ సాఫ్ట్‌వేర్ తెచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డీలో నీలం యూనిఫామ్ గార్డు చచ్చిపోతూ ‘మైన్ లేబెన్!’ అంటాడు. అర్థం ‘నా ప్రాణం!’. బాబాయ్ ఇప్పటికీ దాన్ని ‘మై లేబర్’ అనే అంటాడు. పాపం ఎవడో కూలీవాడు అనుకునేవాళ్లమ్రా అని చెప్తాడు.

ఒక ప్యాటర్న్ గమనించారా? మేం వినిపించుకున్నవన్నీ అర్థం ఉన్న మాటలే. పిచ్చి శబ్దాలు కావు. ఎందుకలా?

తెలుగు చెవి ఎలా వింటుంది

పుట్టిన మొదటి ఏడాదిలోనే మన మెదడు ఇంట్లో వినిపించే భాష శబ్దాలకి ట్యూన్ అయిపోతుంది. ఆ తర్వాత కొత్త శబ్దం వస్తే తన దగ్గరున్న గళ్లలో దగ్గర్లోదాంట్లో పడేస్తుంది. జర్మన్ విషయంలో మనకి కొన్ని గళ్లు ఉన్నాయి, కొన్ని లేవు.

ఉన్నవి ముందు చెప్తా. జర్మన్‌లో ‘జెడ్’ అక్షరాన్ని ‘త్స’ అని పలుకుతారు. చాలామంది ఇంగ్లిష్ వాళ్లకి మాట మొదట్లో అది పెద్ద తిప్పలు. మనకి కాదు. ‘చాలు’, ‘చుట్టం’, ‘చొక్కా’ ఒకసారి పలకండి. అక్కడ మీరు అంటున్నది ‘చెట్టు’లో ఉన్న చ కాదు, నాలుక పళ్లకి దగ్గరగా పెట్టి అనే ‘త్స’. అందుకే ‘త్సురూక్’ నేరుగా వెళ్లి ‘చురుక్కు’లో పడింది. పొట్టి అచ్చు, పొడుగు అచ్చు తేడా కూడా రెండు భాషల్లోనూ ఉంది. మనకి వడ వేరు, వాడ వేరు. వాళ్లకి ‘ష్టట్’ అంటే నగరం, ‘ష్టాట్’ అంటే రాజ్యం.

ఇక లేనివి. ‘ఇహ్ లాడె నాఖ్’లో రెండు శబ్దాలు మనకి కొత్త. మొదటిది ‘ఇహ్’ చివర వచ్చేది. నేను హ అని రాశా గానీ అది మన హ కాదు. ‘య’ అనడానికి నాలుక పైకి పెట్టి, గొంతు కలపకుండా గాలి మాత్రం వదలండి. పిల్లి బుసకొట్టినట్టు వస్తుంది, అదీ ఆ శబ్దం. రెండోది ‘నాఖ్’ చివర వచ్చే గరగర. ఇదీ మన ఒత్తు ఖ కాదు, గొంతు గీరుకున్నట్టు ఉంటుంది. ఉర్దూలో ‘ఖబర్’ అనేటప్పుడు వచ్చేది ఇదే. పైగా హైదరాబాదీ ఉర్దూలో ‘కలమ్’ని కూడా ‘ఖలమ్’ అంటారు. అంటే మా దోస్తు ఈ శబ్దాన్ని రోజూ వంద సార్లు వింటూ, అంటూ పెరిగాడు. వాడి మెదడులో దానికి గది ఉంది. మాకు లేదు. వాడు ‘నాఖ్’ పట్టేశాడు, మేం ‘నా’ దగ్గరే ఆగిపోయాం.

ఇంకో పాయింట్. అచ్చ తెలుగు మాట చాలావరకు అచ్చుతోనో ‘ం’తోనో ముగుస్తుంది. అందుకే బస్, కార్ మన దగ్గరికి వచ్చి బస్సు, కారు అయ్యాయి. ‘నాఖ్’ లాంటి ముగింపు మనకి ఇష్టం ఉండదు. చివరి గరగర తీసేస్తే మిగిలేది ‘నా’. అది తెలుగులో ఏం పని చేస్తుంది? ప్రశ్న వేస్తుంది: వెళ్లనా? తిననా? ఇలాగేనా? మొదటి బుస, చివరి గరగర రెండూ ఎగిరిపోతే మిగిలింది ‘ఇ లాడె నా’. అక్కడి నుంచి ‘ఇలాగేనా’కి ఒక్క అక్షరం దూరం.

గేమ్ ఏం మింగేస్తుంది

తప్పంతా మన చెవిది కాదు. మాట మన దాకా వచ్చేసరికే సగం అరిగిపోయి ఉంటుంది.

డిజిటల్ సౌండ్‌కి ఒక రూల్ ఉంది. సెకనుకి ఎన్ని శాంపిల్స్ తీసుకుంటామో అందులో సగం వరకే ఫ్రీక్వెన్సీలు నిలబడతాయి. సీడీకి 44,100 శాంపిల్స్, కాబట్టి 22,050 హెర్ట్జ్ దాకా ఓకే. వుల్ఫెన్‌స్టైన్ 3డీలో రికార్డు చేసిన గొంతులు 8 బిట్, సుమారు 7,000 శాంపిల్స్. అంటే 3,500 హెర్ట్జ్ పైన ఏమీ లేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా దాదాపు 3,400 దగ్గరే కట్ చేసేది. ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ‘ఎఫ్ ఫర్ ఫాదర్, ఎస్ ఫర్ సన్’ అనాల్సి వచ్చేది అందుకే. ‘స’, ‘ఫ’, ఇందాకటి జర్మన్ బుస లాంటి శబ్దాల బలమంతా పైన, 3,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అచ్చులేమో కింద ఉంటాయి. కట్ చేస్తే అచ్చులు మిగులుతాయి, హల్లులు పోతాయి. గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు.

దీనికంటే ముందుది కూడా ఉంది. 1981లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద సైలస్ వార్నర్ చేసిన కాజిల్ వుల్ఫెన్‌స్టైన్. అందులోనే గార్డులు జర్మన్‌లో అరిచేవాళ్లు. ఆ కంప్యూటర్ స్పీకర్ 1 బిట్‌ది, అంటే ఆన్ లేదా ఆఫ్, మధ్యలో ఏమీ లేదు. దాంతో మనిషి మాట పలికించడమే ఒక అద్భుతం. అర్థం కావడం బోనస్.

మా గేమ్ అంత పాతది కాదు, అందులో సౌండ్ ఫైల్ శుభ్రంగానే ఉంది. మరి అక్కడ ఏం జరిగింది? మాస్కింగ్. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం కనిపించకుండా పోవడం. తుపాకీ, బాంబు లాంటి బరువైన శబ్దాలు తమకన్నా పై ఫ్రీక్వెన్సీలని బాగా కప్పేస్తాయి. ఇంకో విచిత్రం, పెద్ద శబ్దం ఆగిపోయాక కూడా ఆ ప్రభావం వెంటనే పోదు. ఒకటి రెండు వందల మిల్లీసెకన్ల వరకు చెవి ఇంకా తేరుకుంటూనే ఉంటుంది. ఇప్పుడు మన సీన్‌లో పెట్టి చూడండి. సైనికుడు ఎప్పుడు రీలోడ్ అంటాడు? చివరి తూటా పేలిన మరుక్షణం. ‘ఇహ్’ అనే పొట్టి మాట సరిగ్గా ఆ మూగ గ్యాప్‌లో పడిపోయింది. నెట్ సెంటర్ హెడ్‌ఫోన్స్, పక్క సీట్లోవాడి కేకలు మిగతా పని చేశాయి.

తర్వాతి తరం గేమ్స్ ఈ సమస్యని సీరియస్‌గా తీసుకున్నాయి. 2005లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 2లో గ్రెనేడ్ దగ్గర పడితే స్క్రీన్ మీద గుర్తు కనిపిస్తుంది, అరుపు అర్థం కాకపోయినా బతకొచ్చు. 2008లో బ్యాటిల్‌ఫీల్డ్: బ్యాడ్ కంపెనీ హెచ్‌డీఆర్ ఆడియో తెచ్చింది. ఫొటోల్లో హెచ్‌డీఆర్ లాగే, ఆ క్షణంలో ముఖ్యమైన శబ్దాన్ని ముందుకి తెచ్చి మిగతావి తగ్గిస్తుంది.

బ్లూటూత్ వాడుతున్నారా? ఇది చదవండి

ఇప్పుడు చాలామందికి తెలియకుండా పాత ల్యాండ్‌లైన్ రోజులు మళ్లీ వచ్చాయి. ఇయర్‌బడ్స్‌లో పాట వింటున్నప్పుడు బ్లూటూత్ ఏ2డీపీ అనే ప్రొఫైల్ వాడుతుంది, క్వాలిటీ బాగుంటుంది. కానీ గేమ్‌లో ఫ్రెండ్స్‌తో మాట్లాడటానికి అదే బడ్స్ మైక్ ఆన్ చేయగానే, క్లాసిక్ బ్లూటూత్ హెచ్‌ఎఫ్‌పీ అనే కాల్ ప్రొఫైల్‌కి మారిపోతుంది. పాత పద్ధతిలో అయితే 8,000 శాంపిల్స్, కొంచెం మెరుగైన పద్ధతిలో 16,000. అంటే గేమ్ సౌండ్ మొత్తం 4,000 లేదా 8,000 హెర్ట్జ్ దగ్గర కట్. ‘బడ్స్ కొత్తవి, కానీ గేమ్‌లో డబ్బాలో నుంచి వచ్చినట్టుంది’ అని ఎవరైనా అంటే తొంభై శాతం ఇదే కారణం అనుకోండి.

పరిష్కారం సింపుల్. సెట్టింగ్స్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌నో, విడిగా యూఎస్‌బీ మైక్‌నో పెట్టండి. బడ్స్‌ని వినడానికి మాత్రమే వాడండి. లేదా వైర్డ్ హెడ్‌సెట్. ఎల్ఈ ఆడియో ఉన్న కొత్త డివైజ్‌లలో, రెండు వైపులా సపోర్ట్ ఉంటే, ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

మెదడు ఖాళీని ఊరికే వదలదు

1970లో రిచర్డ్ వారెన్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. రికార్డు చేసిన వాక్యంలో ఒక మాట మధ్యలోని శబ్దాన్ని పూర్తిగా కత్తిరించి, అక్కడ ఒక దగ్గు పెట్టాడు. విన్నవాళ్లకి లోటే తెలియలేదు. మాట మొత్తం వినిపించిందన్నారు, దగ్గు ఎక్కడ వచ్చిందో కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. మెదడు ఖాళీని తనే పూరించేసింది.

పూరించేది దేంతో? తన దగ్గరున్న మాటలతో. తెలుగు మెదడు తెలుగుతో, ఉర్దూ మెదడు ఉర్దూతో. నేను దీన్ని కంప్యూటర్ మీద కూడా టెస్ట్ చేశా. అదే క్లిప్‌ని ఒక ఓపెన్ సోర్స్ స్పీచ్ మోడల్‌కి ఇచ్చి, భాష జర్మన్ అని పెడితే సరిగ్గా రాసింది. భాష తెలుగు అని పెడితే దగ్గరదగ్గరగా మా నెట్ సెంటర్ వెర్షనే రాసింది! వినే శబ్దం అదే, ముందస్తు అంచనా మారింది, జవాబు మారింది. మేం పద్నాలుగేళ్లప్పుడు చేసిందీ అదే లెక్క, కాకపోతే గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా.

మన లష్కర్‌కి ఇది కొత్త కాదు

ఇదంతా గేమర్ల గోల అనుకోకండి. మాది సికింద్రాబాద్. ఈ ఊరిని ఇప్పటికీ లష్కర్ అంటాం, అంటే సైనిక శిబిరం. 1806 నుంచి కంటోన్మెంట్ ఉన్న ఊరు. భాష రాని సైనికుల అరుపులు ఇలాంటి ఊళ్లలో రోజూ ఉండే సంగతే.

కంటోన్మెంట్‌లో రాత్రి కాపలా ఉండే సిపాయి చీకట్లో ఎవరైనా వస్తే ‘హూ కమ్స్ దేర్?’ అని అరవాలి. ఇంగ్లిష్ రాని సిపాయిల నోట్లో అది ‘హుకుందార్’ అయింది. హుకుం అనే తెలిసిన మాట దొరికింది, అందులో పడేశారు. మేం ‘ఇలాగేనా’ చేసినట్టే.

ఇంగ్లిష్ వాళ్లు తక్కువ తిన్నారా? మొహర్రం ఊరేగింపులో ‘యా హసన్! యా హుస్సేన్!’ అనే రోదన విని బ్రిటిష్ సైనికులు దాన్ని ‘హాబ్సన్-జాబ్సన్’ చేశారు. రెండూ అచ్చమైన ఇంగ్లిష్ ఇంటిపేర్లు! యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు 1886లో భారతీయ ఇంగ్లిష్ మాటలకి పెద్ద నిఘంటువు వేసినప్పుడు దాని పేరే హాబ్సన్-జాబ్సన్ అని పెట్టారు. ఒక తప్పుగా విన్న అరుపు నిఘంటువుకే పేరైంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నిజమైన జర్మన్ సైనిక శిబిరంలో నిలబడి, అరుపు ఎలా ఉండాలో ఆలోచించిన హైదరాబాదీ ఒకాయన ఉన్నాడు. ఆబిద్ హసన్ సఫ్రానీ. ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి, సుభాష్ చంద్రబోస్ దగ్గర చేరాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జర్మన్ సబ్‌మెరైన్‌లో బోస్‌తో పాటు బయల్దేరింది ఆయనే. జర్మనీలో ఏర్పడిన భారతీయ దళంలో పంజాబీలు, రాజ్‌పుత్‌లు, ముస్లింలు, ఎవరి పలకరింపు వాళ్లది. అందరికీ ఒకే పలకరింపు కావాలి, పొట్టిగా ఉండాలి, ఏ భాషవాడి నోట్లోనైనా చెడిపోకూడదు. ముందు ‘జై హిందుస్థాన్ కీ’ అనుకున్నారని, అది కుదించి ‘జై హింద్’ అయిందని చెప్తారు. రెండే రెండు ముక్కలు, రెండూ బలంగా మొదలవుతాయి, ఎంత గోలలోనైనా నిలబడతాయి. సౌండ్ డిజైన్ అంటే ఇదీ.

చివరి ట్విస్ట్: స్క్రీన్ మీద ఉంది, చెవిలో లేదు

ఇక్కడితో ఆర్టికల్ అయిపోవాలి. కానీ ఇంకొకటి జరిగింది.

మా చెల్లి నర్సింగ్ చేసింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్తున్న నర్సుల గురించి మీరు వినే ఉంటారు. తను కూడా జర్మనీ వెళ్లాలని భాష నేర్చుకుంటోంది. క్లిప్ వినిపించా. ఒక్కసారికే చెప్పేసింది.

“ఇహ్ లాడె నాఖ్. క్లియర్‌గానే ఉంది కదా అన్నయ్యా.”

“నాఖ్ నాకూ వినపడుతోంది ఇప్పుడు. కానీ మొదట్లో నువ్వు చెప్పే ఆ బుస ఏదే? అక్కడ ఏం లేదు.”

“ఉంది. నువ్వు సరిగ్గా పెట్టుకో.”

ఇయర్‌బడ్స్ తిప్పి పెట్టుకున్నా. ఒక్కో చెవికి ఒక్కో బడ్ మార్చి మార్చి విన్నా. కుడి చెవికి బుస వినపడింది. ఎడమ చెవికి లేదు. బడ్ తప్పేమో అని వైర్డ్ హెడ్‌ఫోన్ తెచ్చి చూశా. అదే కథ. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ తెరిచా. మొదటి అచ్చు పక్కన, 3,000 హెర్ట్జ్ పైన, మబ్బులా ఒక మచ్చ చక్కగా కనిపిస్తోంది. కంటికి కనపడుతున్నది ఎడమ చెవికి వినపడట్లేదు.

అప్పటిదాకా సరదాగా ఉన్న విషయం అక్కడ ఆగిపోయింది.

ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే ఆడియోగ్రామ్ తీశారు. కుడి చెవి అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ నార్మల్. ఎడమ చెవి గీత 2,000 వరకు బాగానే వచ్చి, 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడి, మళ్లీ పైకి లేచింది. అక్కడ 35 డెసిబెల్స్. 25 లోపు ఉంటే మామూలుగా నార్మల్ అంటారు. పెద్ద శబ్దం వల్ల వచ్చే నష్టం ఎక్కువగా ఈ గుంట రూపంలోనే, 4,000 చుట్టుపక్కలే మొదలవుతుందని డాక్టర్ చెప్పారు. అందుకే ‘నాఖ్’ గరగర వినపడింది, అది కింద ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. ‘ఇహ్’ బుస సరిగ్గా గుంటలో పడింది.

ఎడమ చెవే ఎందుకు? ఆలోచిస్తే నాకే తట్టింది. ఐదేళ్లుగా ఆఫీస్ కాల్స్ అన్నీ ఎడమ బడ్ ఒక్కటే పెట్టుకుని. రాణీగంజ్ ట్రాఫిక్‌లో బస్సుల హారన్ల మధ్య నడుస్తూ, వినపడకపోతే వాల్యూమ్ ఫుల్. రాత్రి గేమింగ్ దానికి అదనం. లోపలి చెవిలో ఉండే హెయిర్ సెల్స్ ఒకసారి పోతే మళ్లీ రావు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లేదు, రీస్టార్ట్ లేదు.

ఇంట్లో చెప్తే చెల్లి అన్న మాట నాకు గుర్తుండిపోయింది. జర్మన్‌లో రెండుని ‘త్స్వై’ అంటారు, మూడుని ‘డ్రై’ అంటారు. ఫోన్లో, రేడియోలో ఈ రెండూ కలిసిపోతాయని రెండుకి ‘త్స్వో’ అని వేరే మాటే వాడతారు. 15, 50 కూడా అంతే, చివరి ముక్క ఒక్కటే తేడా. “రేపు వార్డులో ఎవరైనా డోసు చెప్తే నేను తప్పు విన్నాననుకో? నీకు గేమ్‌లో మళ్లీ లైఫ్ వస్తుంది, నాకు రాదు కదా” అంది. అప్పట్నుంచి తను ప్రతి అంకెనీ తిరిగి పలికి ఖాయం చేసుకోవడం ప్రాక్టీస్ చేస్తోంది.

మీరు చేయాల్సినవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల దాకా సేఫ్. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైమ్ సగం అవుతుంది. అంటే 90 దగ్గర వారానికి 4 గంటలే. రెండు రాత్రుల గేమింగ్‌తో కోటా అయిపోయినట్టే. వంద కోట్లకు పైగా యువత ఈ రిస్క్‌లో ఉన్నారని అదే సంస్థ చెప్తోంది.

1. ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లో హెడ్‌ఫోన్ ఆడియో లెవెల్స్ చూసుకోండి. ఆండ్రాయిడ్ 14 నుంచి పెద్ద శబ్దాల అలర్ట్స్ ఉన్నాయి. వచ్చిన హెచ్చరికని నాలాగా స్వైప్ చేసి పారేయకండి.

2. బయట తిరుగుతూ వినేవాళ్లకి నాయిస్ క్యాన్సిలేషన్ లగ్జరీ కాదు. బయటి గోల తగ్గితే వాల్యూమ్ పెంచాల్సిన పని ఉండదు. కాకపోతే రోడ్డు దాటేటప్పుడు ఆఫ్ చేయండి.

3. గేమ్ ఆడియో సెట్టింగ్స్‌లో మాస్టర్ వాల్యూమ్ పెంచకండి. ఎఫెక్ట్స్, మ్యూజిక్ తగ్గించి, డైలాగ్ అలాగే ఉంచండి. నైట్ మోడ్ లాంటి డైనమిక్ రేంజ్ ఆప్షన్ ఉంటే పెట్టండి. అరుపులు క్లియర్‌గా వస్తాయి, బాంబులు చెవిని కొట్టవు.

4. ఏదైనా అరుపు అర్థం కాకపోతే వాల్యూమ్ పెంచడం చివరి ఆప్షన్. సబ్‌టైటిల్స్ పెట్టండి, ఫైల్ తీసి నెమ్మదిగా వినండి, ఆ భాష వచ్చినవాళ్లని అడగండి. పక్క లేన్ దోస్తు ‘ఖ ఉంది’ అంటే నవ్వకండి.

5. రెండు చెవులకీ విడివిడిగా ఒకే క్లిప్ వినండి. తేడా అనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ టెస్ట్ అరగంట పని.

మొన్న ఆదివారం అదే గేమ్ మళ్లీ ఆడాను. వాల్యూమ్ సగానికి, రెండు చెవులకీ హెడ్‌ఫోన్. అదే గోడ, అదే సైనికుడు. కాల్పులు ఆపాడు, అరిచాడు. ఎడమ చెవికి ఇప్పటికీ ఆ బుస లేదు. కానీ కుడి చెవి పట్టేసింది. ఈసారి నేను దాక్కోలేదు.